అడవి బాటలో అతిథి

ప్రవేశిక

దేహదారుఢ్యం కోసం, మనశ్శాంతి కోసం యువతరం నేడు పరుగును ఆశ్రయిస్తున్నది. ఆ పరుగు క్రమంగా మైదానాలను దాటి కొండల్లోకి, అడవుల్లోకి, నీటిపట్టుల్లోకి ప్రవేశిస్తున్నది. వన్యప్రాణుల కోసం కేటాయించిన నేలలో మనిషి పరుగెత్తవచ్చునా? పరుగెత్తదలిస్తే ఏ హద్దులకు లోబడాలి? ఈ ప్రశ్నలను పల్నాటి నేపథ్యంలో చర్చించి, రచయిత తన అభిప్రాయాన్ని వెల్లడించిన వ్యాసం ఇది.

*

పరుగు మనిషికి కొత్తగా అబ్బిన విద్య కాదు. ఆహారాన్ని వెంటాడుతూ పరుగెత్తాడు. ఆపద ముంచుకు వచ్చినప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తాడు. ఒక ఊరి వార్తను మరొక ఊరికి చేరవేయడానికి పరుగెత్తాడు. ఆ పరుగులకు తారు రోడ్లు లేవు, గీతలు గీసిన క్రీడామైదానాలు లేవు. మనిషి పాదమూ పశువుల గిట్టలూ పడి పడి ఏర్పడిన కాలిబాటే అతని తొలి పరుగుబాట. ఇప్పుడు పట్టణవాసులు కొత్త పేరుతో మళ్ళీ ఆ బాటనే వెదుక్కుంటున్నారు. కొండదారుల్లో, అడవి బాటల్లో, చెరువు గట్ల మీద సాగే ఈ పరుగును ఆంగ్లంలో ‘ట్రైల్ రన్నింగ్’ అంటారు. మనం దానిని ‘కాలిబాట పరుగు’ అనుకోవచ్చు.

ఆధునిక క్రీడగా దీని చరిత్ర చిన్నదే. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో గుర్రాల కోసం ఏర్పాటు చేసిన నూరు మైళ్ళ పందెంలో గోర్డీ ఐన్‌స్లే అనే వ్యక్తి గుర్రం లేకుండా కాలినడకను పాల్గొని, ఇరవై నాలుగు గంటలు నిండకముందే గమ్యం చేరాడు. ఆ సాహసమే తరువాత ‘వెస్టర్న్ స్టేట్స్’ అనే ప్రసిద్ధ పరుగుకు మూలమైంది. 2003 నుండి యూరప్‌లో మోబ్లాఁ పర్వతం చుట్టూ, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మీదుగా మరొక మహా పరుగు జరుగుతున్నది. అయితే ఈ క్రీడాచరిత్రలో మనం ముఖ్యంగా గమనించవలసిన సంవత్సరం 1993. ఆ ఏడాది అమెరికాలోని లెడ్‌విల్ పట్టణంలో జరిగిన నూరు మైళ్ళ కొండపరుగులో, ఖరీదైన బూట్లు తొడుక్కుని వచ్చిన వారందరినీ దాటి, మెక్సికో దేశపు తారాహుమారా గిరిజనుడు విక్టోరియానో చుర్రో ప్రథముడుగా నిలిచాడు. అప్పటికి అతని వయస్సు యాభై అయిదు సంవత్సరాలు. తారాహుమారాలు పాత టైరు ముక్కలతో కుట్టుకున్న చెప్పులతోనే కొండలెక్కి దిగుతారు. మనకు క్రీడగా కనిపించేది వారికి నిత్యజీవితం. అడవిబాటలను ఎరిగిన జ్ఞానం మొదట ఆ బాటల్లో బ్రతికేవారిది. పట్టణాల నుండి పరుగుకు వచ్చినవారు ఆ జ్ఞానానికి శిష్యులు మాత్రమే. ఈ మాటను ఇక్కడ గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయే విషయం సులభంగా బోధపడుతుంది.

మన దేశంలోనూ అడవి పరుగు ఒకనాడు వృత్తి. రైలుబండ్లు, బస్సులు లేని రోజుల్లో తపాలా సంచిని భుజాన వేసుకుని ఊరి నుండి ఊరికి పరుగెత్తిన రన్నర్లు ఉండేవారు. వారి చేతిలో ఒక ఈటె, ఆ ఈటెకు చిరుగంటలు ఉండేవి. ఆ గంటల చప్పుడు వచ్చే మనిషిని గురించి అడవి మృగాలకు ముందుగానే హెచ్చరిక. మృగానికి తప్పుకునే వ్యవధి దొరికేది, మనిషికి ప్రాణం దక్కేది. ఆ చిరుగంటలో ఒక గొప్ప మర్యాద దాగి ఉన్నది. అది ‘నేను వస్తున్నాను, నీకు ఇబ్బంది కలిగించను, దారి ఇయ్యి’ అని అడవిని అడగడం వంటిది.

తెలుగునాట అడవిబాట అనగానే మొదట స్మరణకు వచ్చేది శ్రీశైలం కాలిదారి. ఆత్మకూరు దాపున ఉన్న వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరి, అక్కడినుండి మల్లికార్జునుని సన్నిధికి పోయే ఆ త్రోవలో శివరాత్రికి తెలుగువారు, ఉగాదికి కన్నడిగులు తండోపతండాలుగా నడుస్తారు. పదునాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడని చరిత్ర చెబుతున్నది. ఆ వంశమే తరువాత మన కొండవీటిని రాజధానిగా చేసుకున్నది. భక్తుడు ఆ దారిలో వేగాన్ని లెక్కించడు. నల్లమలను దాటడం అతనికి తపస్సు వంటిది. ఏ అడవిబాటకైనా ఒక ప్రయోజనం ఉండాలని, ఆ ప్రయోజనానికి తగిన నడవడి ఉండాలని ఆ దారి మనకు బోధిస్తున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పొట్టకూటికి కాదు, మొక్కుబడికి కాదు, కేవలం ఆరోగ్యానికి, ఆనందానికి పరుగెత్తేవాడు అభయారణ్యంలోకి రావచ్చునా? ఈ విషయంలో రెండు వాదాలు బలంగా వినవస్తున్నాయి. ‘మనిషి అడుగు పెట్టిన చోట అడవి బ్రతకదు, తలుపులు మూసివేయండి’ అన్నది మొదటి వాదం. ‘ప్రకృతి అందరి సొత్తు, పరుగెత్తే కాళ్ళకు హద్దులేమిటి’ అన్నది రెండవ వాదం. నా దృష్టిలో రెండూ సగం సత్యాలే. మొదటిది అడవిని ప్రేమించే మనుషులు ఎలా తయారవుతారో మరచిపోయింది. రెండవది అడవి ఎవరి ఇల్లో మరచిపోయింది.

మొదట మేలును పరిశీలిద్దాం. తారు రోడ్డు మీద ప్రతి అడుగూ ఒకే తీరుగా పడుతుంది. ఒకే కండరం మీద, ఒకే కీలు మీద వేల పర్యాయాలు ఒకే ఒత్తిడి కలుగుతుంది. కాలిబాట అలాంటిది కాదు. ఒకచోట రాయి, ఒకచోట వేరు, మరొకచోట ఇసుక, ఇంకొకచోట ఆకుల మెత్తదనం ఉంటాయి. అడుగు అడుగుకూ పాదం తన భంగిమను మార్చుకోవలసి వస్తుంది. చీలమండ చుట్టూ ఉండే చిన్న కండరాలకు పని కలుగుతుంది. శరీరం సమతూకం నేర్చుకుంటుంది. వేగం తప్పనిసరిగా తగ్గుతుంది; దృష్టి తప్పనిసరిగా పదునెక్కుతుంది. పరధ్యానంగా పరుగెత్తేవాడిని రోడ్డు క్షమించవచ్చు గాని అడవిబాట క్షమించదు. అయిదు నుండి పదిహేడు సంవత్సరాల వయస్సు గలవారికి సగటున రోజుకు అరవై నిమిషాల శారీరక వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఉదయం నుండి రాత్రి వరకు తరగతి గదుల్లో కూర్చునే ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఆ అరవై నిమిషాలు ఎక్కడ లభిస్తున్నాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

మనస్సుకు కలిగే మేలు మరొకటి. జపాన్ ప్రభుత్వ అటవీ శాఖ 1982లో ‘అరణ్యస్నానం’ అనే భావనను ప్రజల ముందుంచింది. అడవి గాలిలో, అడవి వెలుగులో, అడవి నిశ్శబ్దంలో కొంతసేపు మునిగి రావడమే ఆ స్నానం. మన పూర్వులు వనవిహారం, వనభోజనం అన్న పేర్లతో ఈ సుఖాన్ని ఏనాడో ఎరిగి ఉన్నారు.

అన్నిటికంటె గొప్ప మేలు పౌరధర్మానికి సంబంధించినది. హైదరాబాదు నగరం నడిబొడ్డున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉన్నది. 1998లో దీనిని జాతీయోద్యానంగా ప్రకటించారు. ఆ పేరు మన పల్నాటి బిడ్డది. నరసరావుపేట ప్రాంతంలో పుట్టి, 1964 నుండి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నాయకుని పేరు అది. నెమళ్ళు తిరుగాడే ఆ చిన్న అడవిలో, దాని చుట్టూ ఉన్న బాటల మీద ఉదయ సాయంకాలాల్లో ఎందరో నడుస్తారు, పరుగెత్తుతారు. 2016లో ఉద్యానం చుట్టూ వంతెనలు నిర్మించడానికి చెట్లను తొలగించే ప్రతిపాదన వచ్చినప్పుడు, అక్కడ రోజూ నడిచే పౌరులు గొంతెత్తి నిరసించారు. వారు ఆ చెట్లను పుస్తకంలో చదివి ఎరిగినవారు కారు. వాటి నీడన నడిచి ఎరిగినవారు. తలుపులు పూర్తిగా మూసి ఉంటే ఆ గొంతులు పుట్టేవి కావు. ‘మూసివేయండి’ అనేవారికి నేను చెప్పే సమాధానం ఇదే. మనిషి తాను ఎరిగినదానినే ప్రేమిస్తాడు, ప్రేమించినదానినే కాపాడుతాడు.

అయితే నగరం మధ్య ఉన్న ఉద్యానానికీ నల్లమలకూ పోలిక లేదు. అక్కడ మనిషికి ఎదురయ్యేది నెమలి. ఇక్కడ ఎదురయ్యేది పులి, ఎలుగుబంటి, చిరుతపులి. కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులు 1983లో పులుల పరిరక్షణ పథకం కిందికి వచ్చాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఉత్తర భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణకు చెందింది. దక్షిణ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. దాని అంచు మన మాచర్ల వరకూ వ్యాపించి ఉన్నది. అంటే పులి తిరిగే నేల మన జిల్లా గడపలోనే ఉన్నదన్న మాట.

అటువంటి అడవిలో పరుగు నడక వంటిది కాదు. నడిచేవాడు చుట్టూ చూస్తాడు. పరుగెత్తేవాడు తన పాదాల ముందరి నేలనే చూస్తాడు. నడిచేవాని రాకను మృగం దూరం నుండి పసిగట్టి తప్పుకుంటుంది. పరుగెత్తేవాడు మలుపు తిరిగి ఒక్కసారిగా ఎదుట నిలుస్తాడు. ఎలుగుబంటికి వాసన పసిగట్టే శక్తి మెండు గాని చూపు, వినికిడి మందం. చెదలపుట్టను తవ్వుకుంటూ మైమరచి ఉన్నప్పుడు మనిషి హఠాత్తుగా దగ్గరకు వస్తే, అది బెదిరి మీదపడుతుంది. దానిలో దాని దోషం లేదు. ఇక వేటాడే జంతువులకు పారిపోయే ఆకారాన్ని తరమడం సహజగుణం. పాతకాలపు తపాలా రన్నర్ ఈటెకు గంటలు ఎందుకు కట్టుకున్నాడో ఇక్కడ మనకు అర్థమవుతుంది. ఈనాటి యువకుడు చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తితే మృగానికి హెచ్చరిక ఉండదు, తనకూ హెచ్చరిక వినపడదు.

కాలాన్ని బట్టి కూడా హాని మారుతుంది. నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలంలో చెట్లు మోడులై, వాగులు ఎండిపోయి, మిగిలిన కొద్దిపాటి నీటిగుంటల దగ్గరకు జంతువులన్నీ చేరుతాయి. ఆ రోజుల్లో మనుషులు గుంపుగా అటు పరుగెత్తితే దాహంతో వచ్చిన జంతువు వెనుదిరుగుతుంది. మనకది ఒక ఉదయపు వినోదం. దానికది ఆ పూట నీరు. పైగా ఎండుటాకుల మీద పడిన ఒక్క నిప్పురవ్వ ఎంతమేర దహిస్తుందో చెప్పలేము. ఇక రాత్రుల మాట. శ్రీశైలం అడవి రహదారిలో వన్యప్రాణుల క్షేమం కోసం రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు వాహనాలను నిలిపివేస్తారు. వాహనానికి వర్తించిన మర్యాద నుదుట దీపం కట్టుకుని పరుగెత్తే మనిషికి మాత్రం ఎందుకు వర్తించదు?

చిత్తడి నేలల సంగతి మరింత సున్నితమైనది. గుంటూరు సమీపాన ఉన్న ఉప్పలపాడును చూడండి. ఊరి చెరువులో ఉన్న కొద్దిపాటి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, కంకణాలు కిక్కిరిసి గూళ్ళు కడతాయి. చెరువును, పక్షులను ఊరివారు తమవిగా భావించి ఆదరించడం వల్లనే ఆ కొలువు నిలిచింది. గూటిలో గుడ్లున్న వేళ గట్టు మీద పదిమంది దడదడమని పరుగెత్తారనుకోండి. తల్లిపక్షి బెదిరి లేస్తుంది. అది తిరిగి వచ్చి వాలేలోపల గుడ్డు ఎండకు మాడవచ్చు, లేదా కాకికి ఎర కావచ్చు. పరుగెత్తినవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కొల్లేటిది ఇంకొక కథ. 1999లో అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఆ మహా సరస్సు, గట్లు వేసి కట్టిన చేపల చెరువుల వల్ల కుంచించుకుపోయింది. చిత్తడి నేల చూపులకు పనికిరాని బురద. కాని వరదను తనలో ఇముడ్చుకునేది, నీటిని వడగట్టేది, పక్షికి తిండి పెట్టేది ఆ బురదే. పరుగెత్తేవాడు బూటుకు బురద అంటకుండా బాట పక్కకు తొలగి అడుగు వేస్తాడు. వెనుకవాడు ఇంకొంచెం పక్కకు తొలగుతాడు. ఒక వానకాలం గడిచేసరికి అడుగు వెడల్పు బాట గజం వెడల్పు అవుతుంది. ఆ మేరకు గడ్డి చచ్చి నేల గట్టిపడుతుంది. బూటు అడుగున అంటిన మట్టిలో వయ్యారిభామ వంటి కలుపు మొక్కల గింజలు ఒకచోటి నుండి మరొకచోటికి ప్రయాణం చేస్తాయి. ఇవన్నీ చిన్న హానులే. కాని ప్రతి పాదంతోనూ పెరిగే హానులు.

మన చట్టం ఈ విషయంలో ఏమంటున్నదో తెలుసుకోవడం పౌరులుగా మన విధి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి బయటివారు ఇష్టం వచ్చినట్లు ప్రవేశించరాదు. వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపల నివసించేవారితో న్యాయసమ్మతమైన వ్యవహారం వంటి ప్రయోజనాలకు అనుమతి ఇవ్వవచ్చునని ఆ చట్టం పేర్కొన్నది. ఆ వరుసలో పరుగుపందెం లేదు. జాతీయోద్యానానికి ఈ కట్టుబాట్లు మరింత గట్టివి. అక్కడ పశువుల మేతను కూడా అనుమతించరు. గోదావరికి ఇరుదరుల విస్తరించిన పాపికొండలు 2008లో జాతీయోద్యానంగా రూపొందాయి. అడవి, కొండ, నది కలిసిన ఆ సౌందర్యాన్ని చూచినవారికి అక్కడ పరుగెత్తాలన్న కోరిక కలగడం సహజం. కాని కోరిక హక్కు కాదు. అనుమతి పొంది చూచి రావడం పర్యటన. వందలమందిని పోగుచేసి, గడియారాలు పెట్టి, బహుమతులు పంచడం పోటీ. ఈ రెంటికీ భేదం ఉన్నది.

పోటీకి మరొక ప్రమాదం కూడా ఉన్నది. గెలవాలన్న పట్టుదల ప్రకృతి హెచ్చరికలను వినిపించనీయదు. 2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన నూరు కిలోమీటర్ల కొండపరుగులో ఒక్కసారిగా వడగండ్లు, చలిగాలులు చెలరేగి ఇరవై ఒక్కమంది మరణించారు. వారిలో ఎంతో అనుభవం గల క్రీడాకారులు కూడా ఉన్నారు. వారిని చంపినది చలి. మనకు భయమంతా ఎండ నుండి. రెంటచింతల ఎండ పేరు తెలుగునాట తెలియనివారు లేరు. అటువంటి సీమలో ఉదయం ఎనిమిది దాటిన తరువాత వేసవి పరుగు సాహసం కాదు, అవివేకం.

ఇక న్యాయానికి సంబంధించిన ప్రశ్న. పల్నాటివారికి అడవిలో ప్రవేశం అన్న మాట సామాన్యమైన మాట కాదు. వంద సంవత్సరాల క్రితం ఇక్కడి రైతులు పశువులను అడవిలో మేపుకోవడానికి ఆంగ్లేయ ప్రభుత్వం విధించిన పుల్లరిని ధిక్కరించారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. అతడు అడవిలోకి పోదలచినది వినోదానికి కాదు. పశువు కడుపు నింపడానికి. అదే విధంగా నల్లమల లోపల తరతరాలుగా చెంచులు నివసిస్తున్నారు. తేనె, దుంపలు, జిగురు వారి జీవనాధారాలు. ఏ వాగు ఎప్పుడు పారుతుందో, ఏ గుహలో ఎలుగు ఉన్నదో వారికి తెలుసు. అడవి మీద అటువంటి వారికి గల హక్కులను 2006లో పార్లమెంటు చట్టం ద్వారా గుర్తించింది. ఆ హక్కులు ఆచరణలో పూర్తిగా అందకముందే, రుసుము చెల్లించగలిగిన పట్టణవాసికి పరుగు కోసం అడవి తలుపు తెరిస్తే అది ఎటువంటి న్యాయం? తేనెకు వెళ్ళే చెంచును ఆపిన చేతితోనే పరుగుకు వచ్చినవానికి స్వాగతం పలకరాదు. అడవిలో ఎవరికైనా దారి చూపవలసి వస్తే, దానిని చూపే అధికారమూ దానిపై వచ్చే ఆదాయమూ మొదట అక్కడివారికే చెందాలి.

ఇన్ని చెప్పిన తరువాత నా అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. అడవిలో పరుగు తప్పు కాదు. అడవిని మైదానంగా భావించడం తప్పు. మన ఇంటికి వచ్చే అతిథికి వసారా ఉంటుంది, మంచినీళ్ళు ఉంటాయి, ఆదరణ ఉంటుంది. కాని పిలవకుండా అతడు నట్టింట్లోకి రాడు. ఇంటివారు నిద్రించే వేళ తలుపు తట్టడు. వెళ్ళేటప్పుడు చెత్త విడిచి పోడు. అడవికి కూడా ఒక వసారా ఉన్నది, ఒక నట్టిల్లు ఉన్నది. పులి పిల్లలను పెంచుకునే లోపలి అడవి నట్టిల్లు. ఊళ్ళను ఆనుకుని, ఇప్పటికే మనుషులూ పశువులూ తిరుగాడే వెలుపలి అడవి వసారా. నట్టింట్లో పరుగుకు తావు ఉండరాదు. వసారాలో మాత్రం, అటవీ శాఖ అనుమతితో, ఉన్న బాటల మీదనే, పగటివేళ, చిన్న చిన్న బృందాలుగా, స్థానికుడైన మార్గదర్శి వెంట రాగా పరుగుకు చోటివ్వాలి. ఎండాకాలంలో ఆ బాటలకు విశ్రాంతి ఇవ్వాలి. పక్షులు గూళ్ళు కట్టే కాలంలో చెరువు గట్ల మీద పరుగు ఆపి, దూరం నుండి చూచి తృప్తి పడాలి. తెచ్చుకున్న నీటి సీసాను, తిన్న పదార్థపు కాగితాన్ని తిరిగి తీసుకుపోవాలి. పోటీలు, బహుమతులు, మైకులు అడవి బయటనే ఉండాలి.

‘ఇన్ని నియమాలుంటే ఇక పరుగులో ఆనందమేమున్నది?’ అని కొందరు అడగవచ్చు. నియమం లేని ఆట లోకంలో ఏదీ లేదు. కబడ్డీలో గీత దాటితే ఆటగాడు బయటికి పోవలసిందే. ఆ గీత ఉన్నందువల్లనే ఆటకు రుచి. అడవి పరుగులో గీతను గీసేది మృగమూ పక్షీ. దానిని మన్నించడమే ఇక్కడ గెలుపు.

ఈ చర్చ సత్తెనపల్లి విద్యార్థులకు దూరపు ముచ్చట కాదు. తెల్లవారుజామున మన ఊళ్ళ రోడ్ల వెంబడి యువకులు పరుగెత్తడం మనం చూస్తూనే ఉన్నాము. వారిలో అనేకులు పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగును సాధన చేసేవారు, సైన్యంలో చేరదలచినవారు. చీకటిలో లారీల దీపాల మధ్య వారు పరుగెత్తుతున్నారు. ఈ పరుగు వారికి విలాసం కాదు, బ్రతుకుతెరువు. ఆడపిల్లలకైతే ఆ రోడ్డు కూడా దొరకదు. మన చుట్టూ మట్టిబాటలు లేకనా? సాగర్ కుడికాలువ పల్నాటి పొలాల మీదుగా పారుతున్నది. దానికీ దాని శాఖలకూ గట్లున్నాయి. ఫిరంగిపురం దాటితే కొండవీటి కొండలున్నాయి. పొలాల మధ్య డొంకలున్నాయి. లారీ భయం లేని, దీపాలు అవసరం లేని ఒక ఉదయపు బాటను గుర్తించి, జారుడు గట్ల వద్ద జాగ్రత్తలు చెప్పి, కళాశాల వ్యాయామ అధ్యాపకుల పర్యవేక్షణలో బాలబాలికలకు పరుగు నేర్పడం పురపాలక సంఘానికీ కళాశాలలకూ మించిన పని కాదు. కాలిబాట పరుగుకు ప్రథమ పాఠశాల పులి అడవి కాదు. మన ఊరి డొంక.

ఆ పాఠం వచ్చిన తరువాత ఒక శీతాకాలపు సెలవుదినాన సత్తెనపల్లిలో మాచర్ల రైలెక్కి వెళ్ళవచ్చు. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుండి దూకే ఎత్తిపోతలను, అక్కడి మొసళ్ళ పెంపక కేంద్రాన్ని చూడవచ్చు. ఆ వైపు అడవి అంచున, అనుమతి ఉన్న మేరకు, తెలిసినవాని వెంట నాలుగడుగులు వేయవచ్చు. అక్కడ పరుగెత్తడం కంటె ఆగడం ఎక్కువగా నేర్చుకోవాలి. దుప్పి తల ఎత్తితే ఆగాలి; పక్షి కూత మారితే ఆగాలి; బాట మీద పాదముద్ర కనిపిస్తే ఆగి చూడాలి. రోడ్డు పరుగులో ఆగినవాడు ఓడిపోతాడు. అడవి పరుగులో ఆగడం తెలియనివాడే ఓడిపోతాడు.

మనిషి తన కాళ్ళతో ఎంత దూరమైనా పోగలడు. ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే నాగరికత. నల్లమలలో పులి, ఉప్పలపాడులో కొంగ, కొల్లేటిలో గూడబాతు మన పరుగును చూచి మెచ్చుకోవు. మనం వచ్చి వెళ్ళినట్లు వాటికి తెలియకపోతే అదే మనకు దక్కిన మెప్పు. ఆ మెప్పును సంపాదించుకోగల యువతరానికి అడవి వసారా తెరిచి ఉంచడం పెద్దల విధి. ఆ వసారా దాటకుండా ఉండడం యువతరం విధి.